అవ్వాతాతల ఆశ్రమం: మీరడిగినవి, మేం చెప్పేవి

పోయిన సంచికలో కళ్యాణదుర్గం అవతల, ఆర్టీసీ బస్సు కూడా పోని ఒక పల్లె బయట నడుస్తున్న ఉచిత వృద్ధాశ్రమం గురించి రాసినాం. ఎవరూ లేని ముసలోళ్ళు, అందరూ ఉండి కూడా వదిలేసిన ముసలోళ్ళు అక్కడ ఉంటారు. అది చదివి చాలామంది ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు పంపినారు. మెచ్చుకున్నవాళ్ళకు సంతోషం, కానీ ఎక్కువమంది అవసరం పడి అడిగినారు, ఈసారి పేజీ అంతా వాళ్ళకే. ఊర్లు, పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయలేదు. నేను ఆ ఆశ్రమానికి సెలవు దొరికినప్పుడల్లా పోయి వంటింట్లోనో వార్డులోనో ఒక చెయ్యి వేసేదాన్ని, అక్కడ కళ్ళారా చూసింది, ఆఫీసుల చుట్టూ తిరిగి తెలుసుకుంది కలిపి చెప్తున్నా.

"అక్కా, మాది ఆలూరు పక్క పల్లె. మా వీధిలో ఒక అవ్వ ఉంది, కొడుకూ కోడలూ సుగ్గికని, అంటే కోతల కూలికని, గుంటూరు పక్క మిరపకోతకు పోయి ఇంతవరకు రాలేదు, ఫోన్ చేస్తే స్విచాఫ్. అవ్వకు ఒక కన్ను కనపడదు, మొన్న పొయ్యి కాడ కాలు కాల్చుకుంది. మేమే సంగటి పెడుతున్నాం గానీ వచ్చే నెల మేం కూడా పోవాల. ఏదన్నా ఆశ్రమంలో చేర్చాలంటే ఎట్ల?"

మీరు పెట్టే ఆ ముద్దే అవ్వను ఇన్ని రోజులు నిలబెట్టింది తమ్ముడూ. ఆశ్రమం సంగతి తర్వాత, ముందు ఆ కాలు. ఈరోజే పిహెచ్‌సీకి తీసుకపోండి, అట్లనే షుగర్ టెస్ట్ చేయించండి, షుగర్ ఉందని తెలియక కాలి పుండు ముదిరిపోయి చివరికి కాలే తీసేసిన ముసలోళ్ళు ఆశ్రమంలో ఉన్నారు. పసుపు, కాఫీ పొడి లాంటివి పుయ్యొద్దని చుట్టుపక్కల వాళ్ళకు చెప్పండి. మీ ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు చెప్తే కట్టు మార్చడానికి ఇంటికే వస్తారు.

రెండోది, 14567 కి ఫోన్ చేయండి. ఇది పెద్దవయసు వాళ్ళ కోసం దేశమంతా ఉన్న ఎల్డర్‌లైన్, ఉచితం, పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. దగ్గర్లో ఏ ఆశ్రమాలు ఉన్నాయి, యాడ ఖాళీ ఉంది అనేది వాళ్ళే కనుక్కొని చెప్తారు. మీరు కన్నబిడ్డ కాదు కదా ఎందుకు చేస్తున్నారు అని ఎవరూ అడగరు, పక్కింటోళ్ళు చేసినా తీసుకుంటారు.

ఇంక ఆ కొడుకు సంగతి. వదిలేసి పోయినాడని ఇప్పుడే ఖాయం చేసుకోవద్దండి. ఆలూరు, కోసిగి, కౌతాళం, ఆదోని పక్క నుంచి సుగ్గికి పోయేవాళ్ళలో చాలామంది మేస్త్రీ కాడ ముందే అడ్వాన్సు తీసుకొని పోతారు, అది తీరేదాకా కదలడానికి లేదు, మిరప అయిపోతే ఇంకో పని, ఆ పని అయిపోతే ఇంకో ఊరు. ఫోన్ పోయుంటుంది, లేదా చేతిలో రూపాయి లేక ఇంటికి ఫోన్ చేసే మొహం లేక ఊరుకొని ఉంటారు. కాబట్టి వాళ్ళను తీసుకపోయిన మేస్త్రీ ఎవరో కనుక్కొని వాడిని పట్టుకోండి, కొడుకు ఫోన్ ఎత్తకపోయినా మేస్త్రీ ఎత్తుతాడు, ఎందుకంటే మళ్ళీ ఏడాది మీ ఊరికే రావాల కదా మనుషుల కోసం. నిజంగానే వదిలేసినాడని తేలితే అప్పుడు చట్టం ఉంది, 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద పెద్దోళ్ళను అట్ల వదిలించుకుంటే 3 నెలల జైలు గానీ 5,000 రూపాయల జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. కానీ మేస్త్రీ ఫోన్‌తో అయ్యే పనికి ముందే పోలీసు స్టేషన్ దాకా పోకండి.

అన్నిటికన్నా ముఖ్యం, అవ్వను అడిగినారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. ఇష్టం లేకుండా ఆటో ఎక్కించి పంపిన అవ్వ ఒకామె ఆశ్రమానికి వచ్చినాక అన్నం ముట్టలేదు, ఇంటి తాళంచెవి వక్కాకు సంచిలో పెట్టుకొని గేటు కాడనే కూర్చుంటా ఉండె. జన్మంతా జొన్నరొట్టె తిన్న మనిషి, అన్నం గొంతు దిగలేదని వంటామెకు తెలిసి రొట్టె కొట్టి పెట్టినాక గానీ నోరు తెరిచి మాట్లాడలేదు. మీ అవ్వ ఉన్న ఇంట్లోనే ఉంటానంటే ఇంకో దారి చూడండి: పెన్షన్ డబ్బుల్లో కొంచెం ఇచ్చి ఊర్లో ఉండిపోయే ఎవరో ఒకామెను రెండు పూటలా ఇంత పెట్టమని పెద్దమనుషుల ముందర మాట్లాడించండి. సరే పోతానంటే ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పెన్షన్ కాగితం, మందుల చీటీలు ఒక కవర్లో పెట్టండి. చూసుకునేవాళ్ళు ఎవరూ లేరని మీ ఊరి సచివాలయం నుంచి ఒక లెటర్ అడిగి తీసుకోండి, చాలా ఆశ్రమాలు పోలీసు స్టేషన్లో కూడా ఒక మాట రాసిపెట్టమంటాయి, అది మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు, రేపు కొడుకు వచ్చి మా అమ్మ యాడ అని అడిగితే చూపించడానికి. కొడుకు నంబరు, మేస్త్రీ నంబరు, మీ నంబరు మూడూ ఆశ్రమం రిజిస్టర్లో రాయించండి.

"ఆశ్రమంలో చేరితే పెన్షన్ ఆపేస్తారంట నిజమేనా?"

నిజం కాదు. మన ఆంధ్రప్రదేశ్‌లో అర్హత ఉన్న 60 ఏళ్ళు దాటినోళ్ళకు 2024 జూలై నుంచి నెలకు 4,000 ఇస్తున్నారు, అది ఆ మనిషిది, ఆశ్రమంలో ఉన్నంత మాత్రాన పోదు. కాకపోతే పాత ఊర్లో పేరుండి మనిషి యాడనో ఉంటే ఇబ్బంది. ఒకటి రెండు నెలలు తీసుకోలేకపోయినా తర్వాత కలిపి ఇస్తారు గానీ వరసగా మూడు నెలలు దాటితే ఆగిపోతుంది, కాబట్టి చేరిన వెంటనే సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను అడిగి ఆశ్రమం ఉన్న ఊరికి మార్పించండి. వేలిముద్రలు అరిగిపోయి పడకపోతే కంటితోనో ముఖంతోనో తీసుకోమని అడగండి. ఇంకొకటి, ఆ 4,000 ఎవరి చేతికి పోతుందో కూడా చూడండి. కొన్నిచోట్ల మొత్తం ఆశ్రమమే తీసుకుంటుంది, దానికి లెక్క ఉంటే సరే, లేకపోతే అడగండి. అవ్వకు వక్కాకుకో, మనవడు వస్తే చేతిలో పెట్టడానికో కొంత ఉండాల.

"నేను కువైట్‌లో డ్రైవర్‌ని మేడం, మాది రాయచోటి సైడు. అమ్మ ఒక్కతే ఉంది, నాన్న లేడు, చెల్లి బెంగళూరులో. ఆ ఉచిత ఆశ్రమంలో అమ్మను పెట్టుకుంటే డొనేషన్ కింద ఎంతైనా పంపిస్తా, కొంచెం మాట్లాడి పెట్టండి."

మాట్లాడను తమ్ముడూ, కోపం తెచ్చుకోవద్దు. అక్కడ ఉన్న మంచాలు తక్కువ, ఒక్కో మంచం కోసం బస్టాండులో, గుడి మెట్ల మింద పడి ఉన్నోళ్ళు కాచుకొని ఉన్నారు. మీ అమ్మకు మీరున్నారు, చెల్లి ఉంది, నెలనెలా డబ్బు వస్తుంది. డొనేషన్ ఇచ్చి మంచం పట్టుకుంటే ఏమీ లేని మనిషి ఒకరు బయట ఉండిపోతారు. డబ్బు కట్టి ఉండే హోమ్‌లు వేరే ఉన్నాయి, కడపలో, తిరుపతిలో, బెంగళూరులో, అవి చూసుకోవచ్చు, తప్పేం లేదు.

కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివినా, అమ్మకు ఏం జబ్బుందో, ఏం చేతకావట్లేదో ఎక్కడా రాయలేదు మీరు. లేచి తిరుగుతుందా, వండుకుంటుందా, రాత్రి భయమేస్తుందా, లేక మాట్లాడే మనిషి లేకనా? రాత్రి భయమే అయితే పడుకోవడానికి తోడుగా ఒక మనిషిని పెడితే చాలు, దానికి ఊరు వదిలి రావాల్సిన పని లేదు. మీ పల్లెలో భర్త పోయి, పిల్లలు దూరంగా ఉండి, నాలుగు డబ్బులు వస్తే బాగుండు అనుకునే నలభై యాభై ఏళ్ళ ఆడమనిషి ఖచ్చితంగా ఉంటుంది, ఆమెకు జీతం ఇచ్చి పెట్టుకోండి, జీతం అమ్మ చేతికి కాకుండా నేరుగా ఆమె అకౌంట్‌కే వేయండి, లేకపోతే మీ అమ్మ దాంట్లో బేరమాడుతుంది. 70 దాటి ఉంటే ఆయుష్మాన్ వయో వందన కార్డు చేయించమని చెల్లికి చెప్పండి, 2024 అక్టోబర్ చివర్లో మొదలైంది, ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం, ఆధార్ ఉంటే చాలు. రోజూ ఒకే టైముకు వీడియో కాల్ చేయండి, మీరు ఫ్రీ అయినప్పుడు కాదు, ఆమె ఎదురుచూసే టైముకు.

"అమ్మా, నాకు 74. ధర్మవరం పక్క మాది. ఉన్న ఇల్లు, ఎకరన్నర కొడుకు పేరుమీద దానం రాసిచ్చినా. ఏడాది తిరక్కముందే గొడవలు, ఇప్పుడు గుళ్ళో పడుకుంటున్నా. నన్ను కూడా ఆ ఆశ్రమంలో చేర్చుకుంటారా?"

పెద్దాయనా, చేర్చుకుంటారు, అవసరం పడితే నేనే వచ్చి తీసుకపోతా. కానీ మీరు ఆశ్రమానికి పోతే ఆ ఇల్లు శాశ్వతంగా పోయినట్టే అని అందరూ అనుకుంటారు, మీరు కూడా అనుకుంటారు, అట్ల కాకుండా ముందు ఒక అర్జీ పెట్టండి.

ఇందాక చెప్పిన 2007 చట్టంలోనే దీనికి దారి ఉంది. 60 దాటిన ఎవరైనా ఆర్డీఓ దగ్గర అర్జీ పెట్టొచ్చు, ఈ అర్జీలు విచారించే ట్రిబ్యునల్‌కు ఆర్డీఓనే పెద్ద, మీకు ధర్మవరంలోనే ఆఫీసు. తెల్లకాగితం మింద మీ పేరు, వయసు, కొడుకు పేరు, అడ్రసు, ఏం జరిగిందో, ఏం కావాలో రాస్తే చాలు, చేతకాకపోతే ఇంకొకరు మీ తరఫున పెట్టొచ్చు. అసలు ఈ చట్టంలో ట్రిబ్యునల్ ముందు లాయర్లు వాదించకూడదనే రాసినారు, పెద్దోళ్ళకు ఖర్చు కాకూడదని. నోటీసు పోయినాక 90 రోజుల్లో తేల్చాల, మహా అంటే ఇంకో 30 రోజులు. నెలకు 10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించొచ్చు. మీకు నచ్చకపోతే 60 రోజుల్లోపల కలెక్టర్ దగ్గర అప్పీలు.

ఆస్తి సంగతికి 23వ సెక్షన్. నన్ను చూసుకోవాల అనే షరతు మీద రాసిచ్చి, తీసుకున్నోడు చూసుకోకపోతే ఆ రాసిచ్చింది మోసంతోనో బలవంతంతోనో తీసుకున్నట్టు లెక్కగట్టి రద్దు చేయొచ్చు. మెలిక ఆ షరతు కాడనే ఉంది. 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో షరతు ఉన్నట్టు తేలాల్సిందే అంది. 2025 జనవరిలో ఇంకో కేసులో ఈ చట్టం పెద్దోళ్ళ మేలు కోసం వచ్చింది కాబట్టి దాన్ని వాళ్ళకు ఉపయోగపడేటట్టు చదవాల అని చెప్పి, ఒక తల్లి కొడుక్కు రాసిచ్చిన దానపత్రాన్ని రద్దు చేసి ఇల్లు ఆమెకు తిరిగి ఇప్పించింది. కాబట్టి మీ దస్తావేజు కాపీ తీయించి అందులో "పోషించవలెను", "చూసుకొనవలెను" లాంటి మాట ఎక్కడన్నా ఉందేమో ఎవరితోనైనా చదివించండి, పత్రంలో లేకపోయినా ఆ రోజు వేరే కాగితం ఏదన్నా రాసుకొని ఉంటే అది కూడా వెతకండి. ఒక్కటీ దొరక్కపోయినా పోషణ ఖర్చు అడిగే హక్కు మీకు ఎక్కడికీ పోదు.

ఇప్పుడు ఇది చదివేవాళ్ళలో పిల్లలకు రాసిద్దామని అనుకుంటున్న వాళ్ళు ఎవరన్నా ఉంటే, దండం పెట్టి చెప్తున్నా, బతికున్నంత కాలం ఇంట్లో ఉండే హక్కు, తిండి, మందులు అని ఆ పత్రంలోనే రాయించండి. రిజిస్టర్ ఆఫీసు ముందర దస్తావేజు రాసేటాయనకు అది ఇంకో రెండు లైన్ల పని అంతే. కొడుకు బాధపడతాడని మొహమాటం వద్దు, బాధపడే కొడుకు అయితే ఆ రెండు లైన్లకు నష్టం ఏం లేదు.

"మేం కడపలో డిగ్రీ ఫ్రెండ్స్‌మి. మా ఫ్రెండ్ బర్త్‌డే ఆశ్రమంలో చేద్దామనుకుంటున్నాం, కేకు, బిర్యానీ తీసుకపోతాం. పర్మిషన్ కావాలా? ఇంకేమన్నా ఇవ్వొచ్చా?"

మంచి ఆలోచన, రండి. కానీ ఫోన్ చేసి రండి, నిజం చెప్పాలంటే ఆదివారం వద్దు. ఆదివారం పెళ్ళిరోజులు, పుట్టినరోజులు అని ఒకే రోజు రెండు మూడు బ్యాచ్‌లు వస్తాయి, పొద్దున ఒకరు ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం ఒకరు బిర్యానీ, సాయంత్రం ఇంకొకరు ఓళిగలు. పెద్దోళ్ళు కాదనలేక మూడూ తింటారు, రాత్రికి కడుపు చెడుతుంది. కడుపు చెడితే మంచంలోనే అయిపోయేవాళ్ళు సగం మంది, ఆ రాత్రి దుప్పట్లు మార్చేదానికి ఒక్కతే ఆయా. మళ్ళీ మంగళవారం, బుధవారం చూస్తే పప్పు, మజ్జిగ, ఒక్క మనిషి రాడు. కాబట్టి వారం మధ్యలో రండి, మసాలా తగ్గించి మెత్తగా వండించండి, పళ్ళు లేనోళ్ళే ఎక్కువ, కేకు బదులు అరటిపండ్లు అయినా సరిపోతుంది, షుగర్ ఉన్నోళ్ళకు ఏం పెట్టాలో ఆశ్రమం చూసుకునే మేడంను అడగండి. ఫోటోలు తీసుకోండి కానీ మంచం మింద ఉన్నోళ్ళ మొహాలు స్టేటస్‌లో పెట్టొద్దు, వాళ్ళ చుట్టాలు చూస్తారని కొంగు కప్పుకునేవాళ్ళను నేను చూసినా.

ఏం ఇవ్వాలని అడిగినారు కాబట్టి దాచకుండా చెప్తా. ఇన్నేళ్ళల్లో నేను గమనించింది ఒకటే, కూడు పెట్టేవాళ్ళు దొరుకుతారు, చెయ్యి వేసేవాళ్ళే దొరకరు. బియ్యం మూటలు వస్తాయి, చీరలు వస్తాయి, ఫ్యాన్ మింద దాత పేరు రాసుకొని ఫ్యాన్లు వస్తాయి. రాత్రి డ్యూటీ ఆయాకు జీతం ఇస్తాం అని మాత్రం ఎవరూ రారు, ఎందుకంటే దాని మింద పేరు రాయడానికి చోటు లేదు. బస్సు లేని ఊరికి రాత్రిపూట పనికి వచ్చే మనిషే కరువు, వచ్చినామెకు కూడా జీతం రెండు నెలలు ఆలస్యమైతే ఇంకో చోటికి పోతుంది. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాల, లేకపోతే నడుం కింద, మడమల కాడ చర్మం కమిలి పుండు పడుతుంది, ఆ పుండు ఎముక దాకా పోతుంది. బియ్యం ఎన్ని మూటలు ఉన్నా ఆ తిప్పే చెయ్యి లేకపోతే అంతే. మీ ఫ్రెండ్స్ అంతా నెలకు తలా ఇంత వేసుకొని ఒక ఏడాది పాటు ఆయా జీతంలో సగం మోయండి, అంతకన్నా పెద్ద బర్త్‌డే ఉండదు. డబ్బు కాకుండా వస్తువులు ఇస్తామంటే పెద్దోళ్ళ డైపర్లు, పాత మెత్తటి నూలు చీరలు పంచెలు (కొత్తవి కాదు, పక్కలోకి వేసేదానికి పాతవే మేలు), కొబ్బరినూనె, ఏప్రిల్ మే నెలల్లో ఒక వాటర్ ట్యాంకర్.

వచ్చిన రోజు మీరు కూడా ఒక పని చేయండి, గోర్లు తీయండి. వినడానికి చిన్నగా ఉంటుంది. వయసు మళ్ళినోళ్ళ కాలి గోర్లు రాయి మాదిరి అయిపోతాయి, వంగి వేలికే గుచ్చుకుంటా ఉంటాయి, చూపు లేదు, నడుం వంగదు, ఎవరినీ అడగలేరు. గోరువెచ్చని నీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టించి పదిహేను నిమిషాలు నాననిచ్చి, తుడిచి, పెద్ద కట్టర్‌తో కొంచెం కొంచెంగా అడ్డంగా తీయాల, మూలల్లోకి పోకూడదు, షుగర్ ఉన్నోళ్ళవి మాత్రం మీరు ముట్టుకోవద్దు, నర్సుకు వదిలేయండి. ఆ పదిహేను నిమిషాలు మీరు కింద కూర్చొని ఉంటారు కదా, అప్పుడు మాట్లాడతారు వాళ్ళు, స్టేజీ మింద పాట పాడమంటే మాట్లాడరు.

ట్యాక్స్ మినహాయింపుకు రసీదు కావాలంటే: దానికి గుర్తింపు ఉన్న ట్రస్టు అయితే సర్టిఫికెట్ ఇస్తుంది, క్యాష్ 2,000 దాటితే మినహాయింపు రాదు, కొత్త ట్యాక్స్ పద్ధతి తీసుకున్నోళ్ళకు అసలే రాదు. మీ నాన్నలకు చెప్పండి.

"మా అత్తకు మతిమరుపు. అన్నం తిని అరగంటకు పెట్టలేదని వీధిలో అరుస్తుంది, రాత్రిపూట తలుపు తీసుకొని పోతుంది, ఒకసారి రైలు పట్టాల కాడ దొరికింది. నన్ను కొడుతుంది. ఆయన పనికి పోతే నేనొక్కదాన్నే, ఇద్దరు పిల్లలు. ఆశ్రమం అంటే ఆడపడుచులు నన్ను తిడుతున్నారు, అత్తను తోలేస్తుందని. నేను చెడ్డదాన్నా అక్కా?"

కాదు చెల్లీ. ఇంత రాసినావంటే నువ్వు ఎంత అలసిపోయినావో తెలుస్తా ఉంది. రైలు పట్టాల కాడి నుంచి తీసుకొచ్చుకున్నావు చూడు, అది చాలదా.

ముందు డాక్టర్. మతిమరుపు అంటే వయసు అని అందరూ వదిలేస్తారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, థైరాయిడ్, బి12 తక్కువ కావడం, సోడియం పడిపోవడం, వినికిడి పోవడం, కొన్ని నిద్రమాత్రలు, వీటిల్లో ఏది ఉన్నా పెద్దోళ్ళకు మతి తప్పినట్టు అవుతుంది, వాటికి మందు ఉంది. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ చూపించు, ఇంకా పెద్ద పరీక్షలు కావాలంటే బెంగళూరు నిమ్హాన్స్‌కు రాసిస్తారు. నిద్రపోతే చాలని మెడికల్ షాపులో అడిగి మాత్రలు మాత్రం వేయొద్దు, పడిపోయి తుంటి విరుగుతుంది.

ఇంట్లో చేసుకోగలిగినవి: తలుపుకు గడియ పైన, ఆమె చెయ్యి అందని చోట పెట్టించు. నీ ఫోన్ నంబరు ఆమె రవిక లోపల కుట్టు, చేతికి ఒక రేకు కట్టించు. తిన్నావు కదా అని వాదించొద్దు, రోజూ పెట్టే అన్నాన్నే సగం సగం చేసి నాలుగుసార్లు పెట్టు, అడిగినప్పుడల్లా ఇంత చేతిలో పడుతుంది. సాయంత్రం చీకటి పడే వేళకు ఎక్కువైతుంది ఈ జబ్బు, ఆ టైముకు ముందే లైట్లు వేసెయ్.

ఆడపడుచుల మాట. చట్టం ప్రకారం కొడుకు ఎంతో కూతురు కూడా అంతే, తల్లిని చూసే బాధ్యత అందరిదీ. తిట్టేవాళ్ళను తలా రెండు నెలలు పెట్టుకోమని మీ ఆయనతో చెప్పించు, నువ్వు చెప్తే గొడవైతుంది. నెలకు కనీసం ఒక వారం నువ్వు రాత్రి నిద్రపోవాల, లేకపోతే నువ్వు పడిపోతావు. ఆశ్రమం గురించి ఉన్నమాట చెప్తా, ఉచిత ఆశ్రమాల్లో ఎక్కువ భాగం ఇట్లాంటి జబ్బు ఉన్నోళ్ళను తీసుకోలేవు, మనసు లేక కాదు, కాపలాకు మనుషులు లేక. చుట్టూ పొలాలు, బావులు, ఒక్క ఆయా, తలుపు తీసుకొని పోతే ఎవరు వెతకాల? తీసుకునే చోటు దొరికి చేర్చినా కూడా నువ్వు పోయి చూసి వస్తావనే నాకు నమ్మకం ఉంది, అప్పుడు ఎవరు ఏమన్నా పట్టించుకోవద్దు.

"సార్/మేడం, నేను రిటైర్డ్ టీచర్‌ని. పత్తికొండ సైడు మాకు రోడ్డుకు లోపల రెండెకరాలు ఉంది, బోరు ఉంది. ముసలోళ్ళకు ఆశ్రమం కట్టాలని నా భార్య కోరిక. ఎక్కడ మొదలుపెట్టాల?"

నమస్కారం మాస్టారూ. ఇందాకటి 2007 చట్టం 19వ సెక్షన్‌లో ప్రతి జిల్లాకు కనీసం 150 మంది పట్టేటట్టు ఆశ్రమం ఉండాలని రాసుకున్నారు. 2022 ఏప్రిల్‌లో మన రాయలసీమ నాలుగు జిల్లాలు ఎనిమిదైనాయి, అవసరం ఎంతుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. మీలాంటోళ్ళు ముందుకు రావాల్సిందే. కాకపోతే కట్టడం సులభం, అందుకే అందరూ అక్కడ మొదలుపెడతారు, మీరు మాత్రం ఇంకో పక్క నుంచి రండి.

ఆ పొలం కాడ నిలబడి చూసుకోండి. అర్ధరాత్రి ఒకాయనకు ఆయాసం వస్తే 108 ఆ దారిలో రాగలదా, వానకు వంక పొంగితే? దగ్గర్లో పెద్దాస్పత్రి ఎంతసేపు? అనంతపురం పక్క అయితే బత్తలపల్లిలో ఆర్డీటీ ఆస్పత్రి ఉంది, మీకు పత్తికొండ దాటితే కర్నూలో, ఆదోనో. బోరు నీళ్ళు టెస్ట్ చేయించినారా, మన పక్క చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంది, అసలే అరిగిన ఎముకలు వాళ్ళవి. ఏప్రిల్ వస్తే కర్నూలు, నంద్యాల, కడపల్లో 44, 45 డిగ్రీలు చూస్తున్నాం, రేకుల షెడ్డు వేస్తే మధ్యాహ్నం పూట ఆ పెద్దోళ్ళు తట్టుకోలేరు, దాహం కూడా తెలియదు వాళ్ళకు, ఎవరో ఒకరు గ్లాసు పట్టుకొని మంచం మంచానికి తిరగాల్సిందే.

కాగితాలు: ట్రస్టు అయితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, సొసైటీ అయితే 2001 చట్టం కింద. తర్వాత పాన్, ట్రస్టుకూ దాతలకూ ఆదాయపన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్లు, గ్రాంట్లకు వెళ్ళాలంటే ఎన్జీఓ దర్పణ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో పేరు. కేంద్రం అటల్ వయో అభ్యుదయ యోజన కింద కనీసం 25 మంది ఉండే ఆశ్రమాలకు సాయం చేస్తుంది, కానీ మీరు నడిపి చూపించినాకే అడగాల, ఆ డబ్బు ఎప్పుడొస్తుందో నమ్ముకొని వంట మనిషిని పెట్టుకోకండి. విదేశాల్లో ఉన్న శిష్యులు పంపుతామంటే, వాళ్ళు అక్కడి పౌరసత్వం తీసుకొని ఉంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి) లేకుండా ఒక్క రూపాయి కూడా ముట్టొద్దు.

చనిపోయినప్పటి సంగతి కూడా మొదటి రోజే అనుకోండి. వచ్చే ప్రతి మనిషినీ చేరేటప్పుడే మెల్లగా అడిగి రాసుకోండి, పూడ్చాలా, కాల్చాలా, ఎవరికి కబురు చెప్పాల అని. ఊర్లో శ్మశానం వాడుకునేదానికి పంచాయతీతో ముందే మాట్లాడుకోవాల, ఎక్కడెక్కడి కులాలోళ్ళో తెచ్చి మా ఊర్లో పూడుస్తారా అని ఆ రోజు అడ్డం నిలబడే ఊర్లు ఉన్నాయి. 21 రోజుల్లోపల మరణం నమోదు చేయించాల, ఎవరూ లేనోళ్ళ విషయం పోలీసులకు తెలియజేయాల.

ఇంక నేను అడిగేది ఒక్కటే మాస్టారూ. పునాది తీసే ముందు మీరూ అమ్మగారూ కలిసి, నడుస్తున్న ఏదో ఒక ఆశ్రమంలో కొన్ని నెలలు ఉండండి, ఆఫీసు రూములో కాదు, వార్డులో, రాత్రిపూట. పక్క మార్చడం, నోరు కడగడం, మాట పడిపోయినాయనకు గంజి తాపడం, ఒకే మాట వందసార్లు అడిగినా మళ్ళీ చెప్పడం, ఇవి చేతికి వచ్చినాక మీకు పది మంది చాలా, ఇరవై మంది మోయగలరా అనేది మీకే తెలుస్తుంది. పది మందితోనే మొదలుపెట్టండి, ఆ పది మందికి రాత్రి ఇద్దరు మనుషులు దొరికినాకే. పోయిన సంచికలో రాసిన ఆశ్రమంలో ప్రస్తుతం రాత్రి డ్యూటీకి మనుషుల కొరత ఉంది, మేడంకు మీ ఉత్తరం చూపించినా, ఎప్పుడైనా రమ్మన్నారు. దారి, ఫోన్ నంబరు మీ అడ్రసుకు విడిగా పోస్టు చేస్తున్నాం.